విలన్ సంగతి తేల్చకండి

సీరియల్ అయిపోతుంది. హీరో పెళ్ళి చేసుకుంటాడు, గుళ్ళో గంటలు మోగుతాయి, పేర్లు పడతాయి. మాంత్రికుడు ఏమయ్యాడో మాత్రం ఎవరూ చెప్పరు. మర్నాడు పొద్దున తెనాలి గాంధీచౌక్‌లోనో, బాపట్ల స్టేషన్ బయట టీ బంకు దగ్గరో పంచాయితీ మొదలవుతుంది. “వాడు చచ్చాడు” అని ఒకరు. “శవాన్ని చూపించారా మరి?” అని ఇంకొకరు. ఇలాంటప్పుడు పెద్దమనుషులు చెప్పే సలహాలు మీకు తెలిసినవే: దర్శకుడు ఏమన్నాడో కనుక్కోండి, మూలకథ చదవండి, ఎవరి అభిప్రాయం వాళ్ళదనుకుని టీ తాగి వెళ్ళిపోండి. వీటిలో ఒక్కటి కూడా పాటించొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కథలో తేలకుండా మిగిలిపోయిన విలన్ చదివేవాడి ఆస్తి, చూసేవాడి ఆస్తి. తేల్చేసిన రోజున నష్టపోయేది మనమే.

ఈ నమ్మకం నాకు టీవీ వల్ల రాలేదు, చందమామ వల్ల వచ్చింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక మద్రాసులో అచ్చయినా దాని వెనక మన ప్రాంతం మనుషులే ఉన్నారు. చక్రపాణి తెనాలిలో పుట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివారే. నెలనెలా మాంత్రికుల్నీ రాక్షసుల్నీ మన ఇళ్ళలోకి పంపించిన దాసరి సుబ్రహ్మణ్యం రేపల్లె తాలూకా పెదగాజులపల్లెలో పుట్టారు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అన్నీ ఆయన రాసినవే. రేపల్లె, తెనాలి, బాపట్ల మనుషులకి విలన్ల మీద వాదించే హక్కు పుట్టుకతోనే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక తెలుగులో అందరికంటే ఎక్కువ కాలం తేలకుండా ఉన్న విలన్ ఎవరు? బేతాళ కథల్లోని భిక్షువు. 1950లలో చందమామలో మొదలైన ఆ కథలు దశాబ్దాలపాటు నడిచాయి. రాజు చెట్టుమీది శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. శంకర్ గీసిన బొమ్మలో కత్తి పట్టుకుని శవాన్ని మోసుకెళ్ళే ఆ రాజుని చూసే మన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కానీ ఆ శవం ఎవరి కోసం? శ్మశానంలో దానికోసం కాచుక్కూర్చున్న భిక్షువు నెలనెలా కథలోకి రాడు, అయినా కథంతా నడిచేది అతని కోరిక మీదే. చివరికి పత్రికే ఆగిపోయింది. శవం భిక్షువుకి చేరలేదు. అతని లెక్క అలాగే ఉండిపోయింది. నా సలహాలన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే.

1. ముగింపు తెలిసినవాణ్ణి మాట్లాడనివ్వకండి

ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. “దీనికి మూలం కథాసరిత్సాగరం. అందులో తేల్చేశారు” అంటారు. నిజమే. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన ఆ గ్రంథంలో భిక్షువు పేరు క్షాంతిశీలుడు. పదేళ్ళపాటు రోజూ వచ్చి రాజుకి ఒక పండు ఇస్తాడు. ఒకరోజు కోతి ఆ పండు కొరికితే లోపల రత్నం బయటపడుతుంది. అప్పుడు రాజు ఏం కావాలని అడిగితే, శ్మశానానికి వచ్చి చెట్టుమీది శవం తెచ్చిపెట్టమంటాడు. ఇరవైమూడు ప్రశ్నలకి జవాబు చెప్పిన రాజు చివరిదానికి నోరు మెదపలేకపోతాడు. బేతాళుడు మెచ్చుకుని, రాజుని బలివ్వాలన్న భిక్షువు పన్నాగం బయటపెడతాడు. “సాష్టాంగపడమంటాడు. ఎలాగో నువ్వు చేసి చూపించు అను. వంగగానే తల నరుకు” అని ఉపాయం చెబుతాడు. రాజు అలాగే చేస్తాడు.

ఇది తెలుసుకోండి, తెలుసుకుని పక్కన పెట్టండి. అది సోమదేవుడి రాజు చేసిన పని. చందమామ రాజు అది చెయ్యలేదు. అతను వందల ప్రశ్నలకి జవాబు చెప్పాడు, ఒక్కసారి కూడా తడబడలేదు. తడబడని రాజుకి బేతాళుడు రహస్యం ఎందుకు చెబుతాడు? చెప్పడు. కాబట్టి పాత తీర్పు ఇక్కడ చెల్లదు. మూలంలో ఉందని గుర్తుచేసేవాడికి మర్యాదగా ఇంకో టీ ఇప్పించి, అది తాగేలోపు వాదన నాలుగు మెట్లు ముందుకు తీసుకెళ్ళండి.

2. విలన్‌ని ఎక్కువ తిట్టేవాడికే విలన్ వకాల్తా ఇవ్వండి

ఇష్టమున్న పక్షాన వాదించడం ఎవరైనా చేస్తారు. భిక్షువు పేరెత్తితే పళ్ళు కొరికేవాణ్ణి పిలిచి, “ఇవాళ భిక్షువు తరఫున నువ్వే” అనండి. మొదట ససేమిరా అంటాడు. కాసేపటికి అతనే అంటాడు: పదేళ్ళు రోజూ రత్నం ఇచ్చినవాడు తిరిగి ఏమీ అడగలేదు కదా? రాజు ఆ పండ్లు ఏమయ్యాయో కూడా పట్టించుకోలేదు కదా? బలి ఇవ్వాలనుకోవడం ఘోరమే, మరి రాజులు యుద్ధాల్లో ఇచ్చేవి బలులు కావా? అప్పటికి అతని మొహం చూడండి. అతను మనసు మార్చుకోకపోవచ్చు. కానీ ఒక మనిషిని తిట్టడానికీ అతని గురించి ఆలోచించడానికీ ఉన్న దూరం నడిచి వచ్చాడు. ఇంటి గొడవలకీ ఊరి తగాదాలకీ ఈ అలవాటు ఎంత పనికొస్తుందో చెప్పలేను.

3. రాసినవాణ్ణి అడగకండి

దాసరి సుబ్రహ్మణ్యం అర్ధశతాబ్దానికి పైగా చందమామలో పనిచేశారు. ఏళ్ళ తరబడి ఆ సీరియళ్ళ మీద ఆయన పేరే అచ్చు కాలేదు. చదివే పిల్లలకి రాసేదెవరో తెలియదు. ఉత్తరం రాసి “ఆ మాంత్రికుడు నిజంగా చచ్చాడా?” అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. అందుకే వాళ్ళే తేల్చుకున్నారు, ఒక్కొక్కళ్ళు ఒక్కోలా. అరుగు మీద ఒక ముగింపు, బడి వెనక ఇంకో ముగింపు.

ఇప్పుడు ప్రతి ఎపిసోడ్ అయ్యాక దర్శకుడు ఇంటర్వ్యూలో కూర్చుని విలన్ మనసులో ఏముందో వివరిస్తున్నాడు. ఆ ఇంటర్వ్యూలు చూడకండి. చూసినవాళ్ళు వాదనకి వస్తే, అందులో విన్నది నాలుక చివరిదాకా వచ్చినా మింగెయ్యమనండి. కథ రాసినవాడికి కథ మీద ఎంత అధికారం ఉందో విన్నవాడికీ అంతే ఉంది. అతను తెరమీద చెప్పనిది తర్వాత నోటితో చెప్పినా లెక్కలోకి రాదు.

4. చావుని సాక్ష్యంగా ఒప్పుకోకండి

“కళ్ళముందు చచ్చాడు కదా!” అనేది మన వాదనల్లో ఎక్కువగా వినపడే మాట, అన్నిటికంటే బలహీనమైన మాట. 1951లో అదే నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ తరఫున తీసిన పాతాళభైరవి చూడండి. ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి తోటరాముడు భైరవికి బలి ఇచ్చేస్తాడు. మామూలు లెక్క ప్రకారం విలన్ కథ అక్కడితో సరి. కానీ శిష్యుడు సదాజప సంజీవనితో గురువుని లేపి కూర్చోబెడతాడు. లేచినవాడు మునుపటికంటే కసిగా లేస్తాడు.

టీవీలోనూ అంతే. 2015లో హిందీలో మొదలై తెలుగులోకి అనువాదమై వచ్చిన నాగినిలో యామినిని గుర్తుచేసుకోండి. ఆ పాత్ర వేసింది మన మయూరి సుధా చంద్రన్. మొదటి సీజన్‌తో ఆమె పీడ వదిలిందనుకున్నవాళ్ళకి రెండో సీజన్‌లో మళ్ళీ ఎదురైంది.

నాటకాల వాళ్ళకి ఇది ఎప్పటినుంచో తెలుసు. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. జనం “వన్స్‌మోర్” అని అరిస్తే స్టేజీ మీద చచ్చిపడున్నవాడు లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిన ముచ్చట్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చచ్చినవాణ్ణి లేపే అధికారం ప్రేక్షకులకి ఉందని మన తాతలు ఋజువు చేశారు. దాన్ని వదులుకోకండి.

5. రెండు గిన్నెలూ తాగండి

కాళికాదేవి విద్య ఒక గిన్నెలో, ధనం ఒక గిన్నెలో పెట్టి ఏదో ఒకటి తాగమంటే, తెనాలి రామకృష్ణుడు రెండూ గటగటా తాగేశాడని మన చిన్నప్పటి కథ. వాదనలో కూడా ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: “నువ్వు బేతాళుడి పక్షమా, రాజు పక్షమా? ముందు తేల్చు.” తేల్చకండి. పొద్దున బేతాళుడు మంచివాడనండి. భిక్షువు పన్నాగం తెలుసు కాబట్టి రాజుని శ్మశానం దాకా పోనివ్వకుండా ప్రశ్నలతో ఆపుతున్నాడని చెప్పండి. సాయంత్రం అతనే అసలు విలన్ అనండి. నిజంగా మేలు కోరేవాడైతే మొదటి రాత్రే “ఆ సన్యాసిని నమ్మకు” అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా, తల పగులుతుందని బెదిరించడం దేనికి? అసలు భయమంతా భిక్షువుకి తను బానిస అవుతానేమోనని కదా?

పొద్దున అన్నదానికి సాయంత్రం అన్నదానికి పొంతన లేదని ఎవరైనా నిలదీస్తే తలవంచకండి. రెండూ ఒకే కథలోంచి వచ్చాయి. రెండింటికీ ఆధారం ఉంది. ఒకే మాట మీద నిలబడేవాడు కథలో సగమే చూస్తాడు.

6. పిల్లల్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టండి

పరీక్షలున్నా సరే, రాత్రి పదైనా సరే. మాంత్రికుల సంగతి పిల్లలకంటే నిశితంగా చూసేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు ధర్మం, కర్మ అంటూ మొదలుపెడతారు, పిల్లలు పని ఎలా జరుగుతుందో చూస్తారు. ఒక ఇంట్లో బేతాళ కథ విన్న పిల్లాడు తన బాబాయితో ఇలా వాదిస్తాడనుకోండి.

“బాబాయ్, రాజు చెవుల్లో దూది పెట్టుకోవచ్చుగా?”

“పెట్టుకుంటే కథ వినపడదు కదరా.”

“వినపడకపోతే జవాబు తెలీదు. తెలీకపోతే తల పగలదు. నోరు మూసుకుని నడుచుకుంటూ పోవచ్చు. శవం చెట్టెక్కదు.”

“అట్టా పోతే తెల్లారేలోపు శవం భిక్షువు చేతిలో పడద్ది. వాడు రాజుని బలిచ్చేస్తాడు.”

“అంటే కథలు వింటన్నాడు కాబట్టే రాజు బతికున్నాడన్నమాట!”

ఆ మాట దగ్గర బాబాయి ఆగిపోవాలి, ఆగి ఆలోచించాలి. అది ఎంతోమంది పండితులు చుట్టుతిరిగి చేరిన చోటు. పిల్లాడు దూదితో బయల్దేరి అక్కడికి వచ్చాడు. అప్పుడు “సర్లే, వెళ్ళి చదువుకో” అనకండి. “మరి భిక్షువే వెళ్ళి శవం తెచ్చుకోవచ్చుగా, రాజెందుకు?” అని ఇంకో ప్రశ్న వెయ్యండి. లెక్కల పరీక్ష మార్చిలో మళ్ళీ వస్తుంది. ఇలాంటి రాత్రి మళ్ళీ రాకపోవచ్చు.

7. మీ ఊరొచ్చినా రైలు దిగకండి

వాదనకి టీ బంకు మంచిదే, కానీ అక్కడ ఎవరికి వాళ్ళు లేచి వెళ్ళిపోగలరు. తెనాలి – రేపల్లె పాసింజర్‌లో అలా కుదరదు. ముప్పై నాలుగు కిలోమీటర్ల దారి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా, ఇటూ అటూ పొలాలు. ఎదురుసీటు మనిషికి తప్పించుకునే వీల్లేదు. వేమూరులో దిగాల్సినవాడు మంచి పట్టులో ఉంటే వేమూరులో దిగకూడదు. ఇంట్లోవాళ్ళు ఒక పూట ఎదురుచూస్తారు.

రేపల్లెతో లైను ఆగిపోతుంది, కాబట్టి వాదన కూడా అక్కడే తేలిపోయే ప్రమాదం ఉంది. తేలేట్టు అనిపిస్తే టికెట్ కొనుక్కుని వెనక్కి తెనాలి రండి, అక్కడ బాపట్ల వైపు బండి ఎక్కండి. 2022 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. కానీ చందమామ చదివిన తరానికి ఇదంతా ఒకటే ఊరు. బాపట్లలో కూడా తెగకపోతే సూర్యలంక తీరానికి నడవండి. సముద్రపు హోరులో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంది. విలన్ మీద వాదనకి అది మంచిదే. మెల్లగా చెప్పగలిగే అభిప్రాయం మీద మీకింకా నమ్మకం కుదరనట్టే.

8. ముగింపు రాసుకొచ్చేవాణ్ణి ఆపండి, కొత్త తలుపు తీసేవాణ్ణి పిలవండి

కొనసాగింపు కథల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకం పాత విలన్‌ని తెచ్చి పూర్తిగా చంపి, పూడ్చి, లెక్క మూసేస్తుంది. రెండో రకం పాత లెక్కలోంచి కొత్త భయం తీస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన రోజుల్లో చదివినవాళ్ళని అడగండి. చేతబడి కథ అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్న పాఠకుల మీదికి దాని కొనసాగింపు ‘తులసి’లో కాష్మోరా అనే క్షుద్రశక్తిని వదిలారు. 1986లో కాష్మోరా పేరుతోనే సినిమా కూడా వచ్చింది. మనకి కావలసింది అలాంటి కొనసాగింపు.

విలన్లని పక్కనపెట్టేస్తే ఏమవుతుందో చందమామే చూపించింది. మధ్యలో కొంతకాలం దాసరివారి మాంత్రికుల సీరియళ్ళు ఆపి, బంకించంద్రుడి దుర్గేశనందిని లాంటివి వేశారు. అది గొప్ప నవలే. కానీ పిల్లలకి కావలసింది అది కాదు. తర్వాత మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు వచ్చాయి. రాక్షసులు తిరిగొచ్చారు.

9. మాంత్రికుణ్ణి కాగితం దాటి రానివ్వకండి

ఇన్ని సలహాల్లోనూ నేను ఒక్క అంగుళం కూడా సడలించనిది ఇది. మన తెలుగు నేల మీద చేతబడి, బాణామతి అనే నెపంతో ముసలివాళ్ళనీ దిక్కులేనివాళ్ళనీ కొట్టి చంపిన వార్తలు చదివాం, ఇంకా చదువుతూనే ఉన్నాం. ఆ హంతకులందరికీ ఒకే లక్షణం ఉంది. వాళ్ళు వాదించలేదు. ఒక్క రాత్రిలో విలన్ ఎవరో తేల్చేశారు. ‘ఆమె తరఫున ఎవరు మాట్లాడతారు?’ అని అడిగినవాడు ఆ గుంపులో లేడు.

నేను తేల్చొద్దు, తేల్చొద్దు అని ఇంత మొండిగా చెబుతున్నది ఇందుకే. ఊహలో పుట్టిన మాంత్రికుడికి కూడా వకీలుని పెట్టి, వాయిదాలిచ్చి, చావుని కూడా ఋజువుగా ఒప్పుకోకుండా ముప్పై ఏళ్ళు వాదించినవాడు, వీధిలో ఒక మనిషిని వేలు పెట్టి చూపించి “వీడే” అంటే వెంటనే నమ్మడు. బేతాళుడి ప్రతి కథా చివర్లో అడిగేది తప్పెవరిదనో, గొప్పెవరిదనో కదా? నెలనెలా ఆ ప్రశ్న విన్న పిల్లలకి న్యాయం ఎలా ఆలోచించాలో ఎవరూ పాఠం చెప్పకుండానే వచ్చింది. సీరియల్‌లో విలన్ సంగతి తేలకుండా వదిలేసిన ప్రతిసారీ మనకి ఆ అభ్యాసం ఇంకోసారి దొరుకుతుంది. తేల్చెయ్యమని గోల చేసేవాళ్ళు దాన్ని మన చేతుల్లోంచి లాక్కుంటున్నారు.

ఇక ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ ఇంట్లో ఎవరికి ఎక్కువ కోపమో వాళ్ళకి భిక్షువు వకాల్తా ఇవ్వండి, ఎవరు చిన్నవాళ్ళో వాళ్ళని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టండి. మూలకథ తెలిసినవాళ్ళకి టీ పెట్టే పని అప్పగించండి. తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు వరసగా వెయ్యండి. భిక్షువు స్వయంగా శవాన్ని ఎందుకు తెచ్చుకోలేదు? రాజు పన్నాగం పసిగట్టి కూడా మోస్తున్నాడా? బేతాళుడు కాపాడుతున్నది రాజునా, తననా? చందమామ ఆగిపోయిన నెలలో వాళ్ళు ముగ్గురూ ఎక్కడున్నారు? జవాబు తెలిసినవాళ్ళు పైకి చెప్పి తీరాలి. చెప్పిన మరుక్షణం పక్కనున్నవాళ్ళు కాదనాలి, కారణం చూపించి కాదనాలి. అలా కాదనే మనిషి మీ ఇంట్లో లేకపోతే పక్కింటినుంచి పిలుచుకు రండి.